తూకం బాక్స్‌లో 8-5 కొడితే: ఎనుమాముల మిర్చి దుకాణం ప్రాజెక్టు డైరీ

దశ 0: చేతికొచ్చిన ఫైల్

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి ఆడ్తి (కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే) దుకాణం. లెక్కలన్నీ ఒక యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) ఫైల్‌లో ఉంటాయి. "కొత్త లాట్" బటన్ నొక్కితే ఒకదాని వెంట ఒకటి ఐదు చిన్న బాక్స్‌లు వస్తాయి: రైతు పేరు, బస్తాలు, తూకం, రేటు, తేదీ. ఐదింటికీ వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) లోని ఇన్‌పుట్‌బాక్స్ ఫంక్షనే. అందులో కొట్టినదాన్ని ఇన్‌సర్ట్ వాక్యంలో (పట్టికలో కొత్త వరుస చేర్చే ఆజ్ఞలో) అతికించి పట్టికలోకి తోస్తున్నారు. సాయంత్రానికి కంప్యూటర్ చూపే మొత్తం తూకం, తక్‌పట్టీల (తూకం రాసిన చిట్టీల) మొత్తం కలవవు. ఫిర్యాదు ఇంతే.

కూడికలో తేడా ఏమీ లేదు. గుమాస్తా కొట్టినది బాక్స్ దాటి పట్టికలోకి వెళ్లేసరికి ఇంకో అంకె అయిపోతోంది, తేడా అక్కడే వస్తోంది.

ఇలాంటి ఫైల్ మీ దగ్గరా ఉంటే ఈ మెట్లు అలాగే వాడుకోవచ్చు. కావలసినవి: యాక్సెస్, ఫైల్ నకలు (అసలు దాని మీద చెయ్యి పెట్టొద్దు), పాత తక్‌పట్టీల కట్ట, దుకాణంలో వాడేలాంటి నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డు. ల్యాప్‌టాప్ మీద పరీక్షిస్తే సగం సమస్యలు బయటపడవు. గుమాస్తా ఎడమ చెయ్యి చిట్టీ మీదే ఉంటుంది, కుడి చెయ్యి నంబర్ ప్యాడ్ దాటి పోదు. అక్కడ గీత మీట పైన కుడి మూలలో, చుక్క మీట కింద బొటనవేలి దగ్గర ఉన్నాయి. రెండూ అందుతాయి, రెండూ వాడతాడు.

దశ 1: పరీక్ష జాబితా, ఉన్న కోడ్ మీద కొలత

కోడ్ తెరవడానికి ముందు తక్‌పట్టీలు తిరగేశాను. దడ్వాయి (తూకం వేసేవాడు) క్వింటాళ్లు, కిలోల మధ్య గీత పెట్టి రాస్తాడు: 8-45. గుమాస్తాను అడిగాను.

"గీత పెడ్తె క్వింటాలు, కిలోలు తమ్మీ. 8-5 అంటె ఎనిమిది క్వింటాళ్ల ఐదు కిలోలు."

"మరి చుక్క పెడితే అన్నా?"

"చుక్క పెట్టిన కాడ ఎవరు కొట్టిన్రో సూడాలె."

ఈ జవాబుతోనే పని దారి తేలింది. 8.5 అంటే ఒకరికి 850 కిలోలు, ఇంకొకరికి 805. తేడా 45 కిలోలు. క్వింటాలు రూ.14,000 అనుకుంటే ఒక్క లాట్‌లో రూ.6,300 అటో ఇటో పోతుంది.

తూకం బాక్స్‌కు పన్నెండు పరీక్షలు రాసుకున్నాను. పక్కన రావలసిన ఫలితం:

1. 8-45 → 845 కిలోలు
2. 8-05 → 805
3. 8-5 → 805
4. 8.45 → 845
5. 8.5 → ఏది అని అడగాలి
6. 845 → వద్దనాలి (క్వింటాళ్లా, కిలోలా తెలియదు)
7. 1,045 → వద్దనాలి
8. 8 - 45, మధ్యలో ఖాళీలతో → 845
9. ౮-౪౫ → 845
10. ఏమీ కొట్టకుండా ఓకే → వద్దనాలి
11. క్యాన్సిల్ → ఏమీ దాచకుండా మూసుకోవాలి
12. 8-145 → వద్దనాలి (కిలోలు 99 దాటవు)

పాత కోడ్ తూకాన్ని వాల్ అనే ఫంక్షన్‌తో అంకెగా మారుస్తోంది. వాల్ ఎడమ నుంచి చదువుతూ తనకు తెలియని గుర్తు రాగానే ఆగిపోతుంది. తప్పు అని చెప్పదు. కాబట్టి 8-45, 8-05, 8-5, 8-145 నాలుగూ దానికి 8 క్వింటాళ్లే. 1,045 దానికి 1. తెలుగు అంకెలు 0. ఖాళీ కూడా 0. క్యాన్సిల్ నొక్కినా 0 తూకంతో ఒక లాట్ పట్టికలో చేరుతుంది. 845 కొడితే 845 క్వింటాళ్లు, అంటే రెండు వేల పైచిలుకు బస్తాలు. 8.5ను అడగకుండా మింగేస్తుంది.

మొత్తం: 12లో 1 సరి. (8.45 ఒక్కటే.)

దశ 2: ఈజ్‌న్యూమరిక్ కాపలా, ఎందుకు తీసేశాను

ఎవరిని అడిగినా మొదట చెప్పే మందు ఇదే: "అంకె కాకపోతే మళ్లీ అడుగు" అని లూప్ పెట్టు. పెట్టాను.

1. ఇన్‌పుట్‌బాక్స్ విలువ అంకేనా అని ఈజ్‌న్యూమరిక్ ఫంక్షన్‌తో పరీక్షించడం.
2. కాదంటే మళ్లీ అదే బాక్స్.
3. అవునంటే సీడబుల్ ఫంక్షన్‌తో అంకెగా మార్చడం.

మూడు చోట్ల చెడింది.

మొదటిది, క్యాన్సిల్. అది ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది, ఖాళీ అంకె కాదు, కాబట్టి బాక్స్ మళ్లీ వస్తుంది. అంకె కొట్టేదాకా బయటపడే దారి లేదు. గుమాస్తా విసిగి 1 కొట్టి వదిలేస్తాడు. దీనికో చిట్కా ఉంది: ఖాళీగా ఓకే నొక్కినప్పుడు వచ్చేది నిజమైన ఖాళీ స్ట్రింగ్, క్యాన్సిల్‌కు వచ్చేది వీబీనల్‌స్ట్రింగ్. చూడ్డానికి రెండూ ఒకటే గానీ, స్టర్‌పీటీఆర్ (StrPtr) ఫంక్షన్‌కు ఇస్తే రెండోది 0 చూపుతుంది. ఇన్‌పుట్‌బాక్సే ఉంచుకోవాలనుకునేవాళ్లకు ఇది చాలు.

రెండోది, కామాలు. ఈజ్‌న్యూమరిక్ కామా ఎక్కడ ఉందో పట్టించుకోదు. 1,2,5 కూడా దానికి అంకె, విలువ 125. రేటు బాక్స్‌లో 14,500 బదులు తొందరలో 14,50 పడితే సద్దు లేకుండా 1,450 అవుతుంది. "1ఈ5" లాంటి శాస్త్రీయ రాత కూడా దాని దృష్టిలో అంకే.

మూడోదే అసలు దెబ్బ. 8-45ను ఇది అంకె కాదంటుంది. దుకాణంలో ఏళ్ల తరబడి అందరూ రాసే పద్ధతిని ప్రోగ్రాం తప్పు పట్టింది. ఫలితంగా గుమాస్తా గీత మానేసి చుక్క మొదలుపెట్టాడు, 8-5 కాస్తా 8.5 అయింది. కాపలా పెట్టడం వల్ల తప్పు పెరిగింది.

మొత్తం: 12లో 3 సరి. (8.45, ఖాళీ, 8-145. చివరిది అదృష్టం కొద్దీ.)

దశ 3: ఐదు బాక్స్‌లకు బదులు ఒక ఫారం

ఇన్‌పుట్‌బాక్స్‌లో ఇంకో లోటు: రేటు దగ్గరికి వచ్చాక బస్తాలు తప్పు కొట్టినట్టు గుర్తొస్తే వెనక్కి పోలేం. తెలుగూ రాదు. పేరు తెలుగులో కొడితే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. కాబట్టి దాన్ని పూర్తిగా తీసేసి ఒక డైలాగ్ ఫారం చేశాను.

1. కొత్త ఫారం, పట్టికకు కట్టకుండా. పాపప్ అవును, మోడల్ (Modal) అవును, అంచు డైలాగ్.
2. ఐదు టెక్స్ట్ బాక్స్‌లు, కింద "దాచు", "వద్దు" బటన్లు.
3. ఫారాన్ని ఏసీడైలాగ్ పద్ధతిలో తెరవాలి. అప్పుడు ఫారం మూసేదాకా, లేదా కనపడకుండా చేసేదాకా, పిలిచిన కోడ్ ఆగి ఉంటుంది.
4. "దాచు" నొక్కితే ఫారాన్ని మూయకుండా విజిబుల్ ఫాల్స్ చెయ్యాలి. "వద్దు" నొక్కితే పూర్తిగా మూసెయ్యాలి.
5. పిలిచిన కోడ్ తిరిగి నడిచినప్పుడు ఫారం ఇంకా లోడ్ అయి ఉందా చూడాలి. ఉంటే విలువలు తీసుకుని అప్పుడు మూయాలి. లేకపోతే క్యాన్సిల్ అన్నమాట.

దీంతో 0 తూకం లాట్లు పుట్టడం ఆగింది.

పట్టికకు కట్టకపోవడానికి కారణం ఉంది. ముందు కట్టే చూశాను. నంబర్ ఫీల్డ్‌కు కట్టిన బాక్స్‌లో 8-45 కొట్టగానే యాక్సెస్ తన సొంత ఇంగ్లిష్ హెచ్చరిక చూపిస్తుంది, లోపం సంఖ్య 2113. ఇది బిఫోర్ అప్‌డేట్ (కొట్టిన విలువను తీసుకునే ముందు నడిచే ఈవెంట్) కన్నా ముందే వస్తుంది, కాబట్టి మనం రాసిన పరీక్ష దాకా మాట రాదు. ఫారం ఎర్రర్ ఈవెంట్‌లో ఆ సంఖ్యను పట్టుకుని మన సందేశం చూపొచ్చు, కానీ 8-45ను లోపలికి తీసుకోలేం. కట్టని బాక్స్‌కు ఫార్మాట్ ప్రాపర్టీలో నంబర్ రకం పెట్టినా ఇదే గొడవ. ఫార్మాట్ ఖాళీగా వదలండి.

ఇంకొకటి, కట్టిన ఫారంలో కంట్రోల్‌తో కలిపి గీత మీట నొక్కితే ప్రస్తుత రికార్డు తొలగిపోతుంది. గంటకు వందసార్లు గీత నొక్కే చెయ్యి అది. వేరే ఫారాలన్నిటికీ అలౌ డిలీషన్స్ "కాదు" పెట్టేశాను.

తూకం చదివే మెట్లు:

1. ఖాళీలన్నీ తీసెయ్యాలి. ట్రిమ్ మామూలు ఖాళీనే, అదీ చివరల్లోనే తీస్తుంది. వాట్సాప్ నుంచి అతికించిన దాంట్లో 160 సంకేతం గల ఖాళీ ఉండొచ్చు, దాన్ని రీప్లేస్‌తో విడిగా తీయాలి.
2. గీత గానీ చుక్క గానీ ఒక్కటే ఉండాలి. లేకపోతే వద్దనాలి.
3. దానికి ఎడమవైపు అంతా అంకెలు, కుడివైపు ఒకటో రెండో అంకెలు. మించితే వద్దనాలి.
4. గీత అయితే కుడివైపు భాగం నేరుగా కిలోలు. 5 అంటే 5.
5. చుక్క అయితే, కుడివైపు రెండంకెలుంటే అవే కిలోలు.
6. కిలోలు = ఎడమ × 100 + కుడి. సున్నా అయితే వద్దనాలి.

పట్టికలో తూకం ఇప్పుడు డబుల్ రకం కాదు, కిలోల్లో లాంగ్ ఇంటీజర్. పూర్తి కిలోలే రాసే చోట దశాంశాలు మోయడమెందుకు? రేటుకు కరెన్సీ రకం. అది నాలుగు దశాంశాల వరకు కచ్చితంగా ఉంచుతుంది.

మొత్తం: 12లో 10 సరి. మిగిలినవి 8.5, ౮-౪౫.

తెలుగు అంకెలది చిన్న పనే. టైపింగ్ పరికరంలో స్థానిక అంకెల సెట్టింగ్ ఆన్ అయి ఉంటే అవి వస్తాయి. తెలుగు ౦ నుంచి ౯ దాకా యూనికోడ్ సంకేతాలు వరుసగా 3174 నుంచి 3183. ఏఎస్‌సీడబ్ల్యూ (అక్షరం సంకేతం చెప్పే ఫంక్షన్) విలువ ఆ మధ్యలో ఉంటే 3174 తీసేస్తే అంకె వస్తుంది. మెట్టు 1కి ముందు చేర్చాను.

మొత్తం: 12లో 11.

దశ 4: 8.5ను ఏం చెయ్యాలి

మొదట ఒక హెచ్చరిక బాక్స్ పెట్టాను: "850 కిలోలా? అవును / కాదు." సీజన్ రద్దీలో ఎంటర్ మీద ఎంటర్ పడుతుంది. "అవును" మొదటి బటన్ కాబట్టి చదవకుండానే అవునైపోయింది. డిఫాల్ట్‌ను రెండో బటన్‌కు మార్చాను. అప్పుడు చదవకుండానే కాదు. ఎక్కువసార్లు వచ్చే ప్రశ్నను ఎవరూ చదవరు, బటన్ ఏదైనా.

సగటు తూకంతో పట్టుకోవచ్చేమో అనిపించింది. మిర్చి బస్తా సుమారు 40 కిలోలు. 21 బస్తాలకు 850 అయితే బస్తాకు 40.5, 805 అయితే 38.3. రెండూ నమ్మేలాగే ఉన్నాయి. ఈ పరీక్ష పదింతల తప్పును పట్టుకుంటుంది, 45 కిలోల తప్పును పట్టుకోదు. ఉంచాను, కానీ ఈ పనికి కాదు.

చివరికి నిలిచింది ఇది. తూకం బాక్స్ కిందే ఒక లేబుల్. కొడుతుండగానే అందులో "8 క్వింటాళ్ల 5 కిలోలు = 805" అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. 8.5 కొడితే లేబుల్ బదులు రెండు బటన్లు: "8-05", "8-50". ఏదో ఒకటి నొక్కేదాకా "దాచు" పనిచేయదు. డిఫాల్ట్ ఏదీ లేదు, ఎంటర్ కొడితే ఏమీ జరగదు. గీతతో కొట్టేవాళ్లకు ఈ బటన్లు కనిపించనే కనిపించవు. గుమాస్తా తిరిగి గీతకు వచ్చేశాడు.

అమలులో రెండు చిక్కులు:

1. లేబుల్‌ను ఛేంజ్ ఈవెంట్‌లో మార్చాలి. అక్కడ బాక్స్ వాల్యూ చదివితే పాతదే వస్తుంది, లేబుల్ ఎప్పుడూ ముందు కొట్టిన తూకాన్నే చూపుతూ ఉంటుంది. టెక్స్ట్ ప్రాపర్టీ చదవాలి. అయితే కర్సర్ ఆ బాక్స్‌లో ఉన్నంతసేపే టెక్స్ట్ దొరుకుతుంది, లేదంటే లోపం 2185.
2. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలవుతుంది. తెలుగు మాటలన్నీ "సందేశాలు" అనే పట్టికలో పెట్టి, సంఖ్యతో తెచ్చుకుంటున్నాను. లేబుల్‌కు తెలుగు చూపడంలో ఇబ్బంది లేదు. గుమాస్తా మాట మార్చమంటే కోడ్ తెరవక్కర్లేదు, అదో లాభం.

తీసుకోలేని విలువను ఆపడం బిఫోర్ అప్‌డేట్‌లో చెయ్యండి: ఆ ఈవెంట్‌లోని క్యాన్సిల్ అనే ఆర్గ్యుమెంట్‌ను ట్రూ చేస్తే కర్సర్ అక్కడే ఉంటుంది. కానీ విలువను శుభ్రం చేసి అదే బాక్స్‌లో తిరిగి పెట్టడం అక్కడ కుదరదు, లోపం 2115 వస్తుంది. శుభ్రం చేయడం ఆఫ్టర్ అప్‌డేట్ పని.

మొత్తం: 12లో 12.

దశ 5: తేదీ

పాత కోడ్ తేదీని రెండు # గుర్తుల మధ్య అతికించి ఎస్‌క్యూఎల్‌కు (పట్టికలకు ఆజ్ఞలిచ్చే భాషకు) ఇస్తోంది. విండోస్‌లో భారత సెట్టింగ్ ఉన్నా, ఎస్‌క్యూఎల్‌లోని # తేదీని యాక్సెస్ అమెరికా పద్ధతిలో, నెల ముందు అనుకుని చదువుతుంది. 03-02-2025 కొడితే మార్చి 2. 13-02-2025 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి తానే తిప్పుకుని ఫిబ్రవరి 13గా సరిగ్గా పెడుతుంది. అంటే ప్రతి నెలా 13 నుంచి అంతా బాగుంటుంది, మొదటి 12 రోజుల్లోనే చెడుతుంది. రోజూ, నెలా ఒకే అంకె అయితే అదీ లేదు. నెల చివర్లో పరీక్షించినవాడికి ఇది ఎన్నటికీ దొరకదు.

1. రోజు, నెల, సంవత్సరం మనమే విడదీసి, వాటితో తేదీ తయారుచేసే డేట్‌సీరియల్ ఫంక్షన్‌కు ఇవ్వాలి.
2. డేట్‌సీరియల్ 2025 ఫిబ్రవరి 31ని నోరు మెదపకుండా మార్చి 3 చేస్తుంది. వచ్చిన తేదీలోని రోజు, కొట్టిన రోజు ఒకటేనా చూడాలి.
3. రేపటి తేదీ అయితే వద్దనాలి.
4. ఎస్‌క్యూఎల్‌లో అతికించడం మానేసి క్వెరీడెఫ్ పారామీటర్‌గా, అంటే వాక్యం బయట విడి విలువగా, పంపాలి.

నాలుగో మెట్టుతో ఇంకో సమస్యా పోయింది. వేరే ఫారంలోని గమనిక బాక్స్‌లో "20' పరదా" అని కొడితే ఆ అడుగుల గుర్తు ఇన్‌సర్ట్ వాక్యాన్ని మధ్యలో తెంపేది, లోపం 3075. పారామీటర్‌కు ఏ గుర్తయినా ఒకటే.

ఈ రోజు తేదీ కోసం కంట్రోల్, సెమీకోలన్ కలిపి నొక్కమని చెప్పాను. ఎవరూ నొక్కట్లేదు. బాక్స్‌లో ముందే నేటి తేదీ పెట్టేశాను.

దశ 6: వేరే ఫారాల్లోవి సహా మిగిలిన బాక్స్‌లు, త్వరగా

రేటు: చివర "/-" ఉంటే తీసెయ్యాలి, అది చాలామందికి చేతి అలవాటు. కామా ఉంటే చివరి కామా తర్వాత సరిగ్గా మూడంకెలు ఉంటేనే ఒప్పుకోవాలి.

మొబైల్: టెక్స్ట్ రకం. లాంగ్ ఇంటీజర్ 214 కోట్ల చిల్లర దగ్గరే ఆగిపోతుంది, 9తో మొదలయ్యే పదంకెలు పట్టవు. ముందున్న 0, +91 తీసేసి పదంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు అని చూస్తే చాలు.

ఖాతా నంబరు: ఇదీ టెక్స్టే. అంకెగా దాస్తే ముందు సున్నాలు పోతాయి. రెండుసార్లు కొట్టించాలి, రెండోసారి అతికించనివ్వకూడదు.

ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్): 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లిష్ "O" అక్షరం పడితే అడగకుండా సున్నా చేసేయండి. వేరే చోట్ల మాత్రం వేలు పెట్టొద్దు.

మిర్చి రకం: టెక్స్ట్ బాక్స్ తీసేసి కాంబో బాక్స్, లిమిట్ టు లిస్ట్ "అవును". పాత పట్టికలో 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాట ఒక్కటే "చపాట", "చపాటా", "టమాటా మిర్చి" అని మూడు వరుసలుగా కూడుతోంది. మారుపేర్ల పట్టిక ఒకటి పెట్టి, ఏది కొట్టినా ఒక్క రకానికే చేర్చాను.

ఊరు: పేరొక్కటే చాలదు. చిట్యాల భూపాలపల్లి వైపూ ఉంది, నల్గొండ వైపూ ఉంది. కాంబోలో రెండో నిలువుగా మండలం, మూడోదిగా జిల్లా చూపించాలి.

పేరు కొంచెం ఓపిక పట్టాల్సింది. "రాజ్‌కుమార్" రెండు వరుసల్లో కనిపిస్తే, ఒకదాంట్లో జ, క మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది, సంకేతం 8204. ఇది తప్పు కాదు, తెలుగులో పొల్లు విడిగా కనపడాలంటే కావాలి. అందుకే పేరులోంచి తీయలేదు. వెతకడానికి ఇంకో నిలువు పెట్టి, అందులో 8204, 8205, ఖాళీలు తీసేసిన రూపం దాచాను. పోల్చేది దాంతోనే. అయినా ఒకే ఊళ్లో ఒకే పేరు ఇద్దరికి ఉంటుంది, తండ్రి పేరు లేకుండా కొత్త రైతును చేర్చనివ్వట్లేదు. ఆటో కరెక్ట్ ఈ బాక్స్‌లో ఆపెయ్యండి.

ఇవన్నీ ఫారంలోని కాపలాలు. పట్టికను నేరుగా తెరిచి ఎక్సెల్ నుంచి అతికించే మేనల్లుడు ప్రతి దుకాణంలో ఒకడుంటాడు. అందుకని పట్టికలో కూడా వ్యాలిడేషన్ రూల్స్: తూకం 0 కన్నా ఎక్కువ, రిక్వైర్డ్ అవును, పేరుకు జీరో లెంగ్త్ కాదు.

దశ 7: పాత వరుసలు

కొత్త బాక్స్‌లు పాత తప్పుల్ని దిద్దవు. తేదీలు తేలిగ్గా దొరికాయి. ఆటోనంబర్ వరుసలో పేర్చి, తేదీ ఉన్నట్టుండి వేరే నెలకు దూకి మళ్లీ వెనక్కి వచ్చిన చోటల్లా రోజు, నెల తారుమారైనవే. వీక్‌డే ఫంక్షన్ 1 (ఆదివారం) ఇచ్చినవి కూడా ఏరాను. 2025 మార్చి 2 ఆదివారం, ఆ రోజు కాంటానే ఉండదు. రోజు, నెల తిప్పేసే అప్‌డేట్ క్వెరీ నకలు మీద నడిపి, తక్‌పట్టీలతో పోల్చి, తర్వాత అసలు దాని మీద నడిపాను.

తూకాలు అలా దొరకవు. వాల్ కోసేసిన కిలోలు పట్టికలో ఎక్కడా లేవు. సరిగ్గా 8, 9, 12 అని పూర్తి క్వింటాళ్లుగా ఉన్న ప్రతి లాట్ అనుమానమే, చుక్క తర్వాత ఒకే అంకె ఉన్న లాట్లు కూడా. గుమాస్తా కొట్టిన అక్షరాలు దాచి ఉంటే ఇవన్నీ ఒక క్వెరీతో తేలేవి. అందుకే కొత్త పట్టికలో తూకం పక్కన "కొట్టినది" అనే టెక్స్ట్ నిలువు ఒకటి ఉంది. బాక్స్‌లో ఏం పడిందో శుభ్రం చేయకుండా అందులోకి పోతుంది. రేపు చదివే పద్ధతి మారినా మళ్లీ లెక్కగట్టుకోవచ్చు.

పాతవాటికి కాగితమే దిక్కు. "అనుమానం" అని అవును/కాదు నిలువు పెట్టి ఏరినవాటికి టిక్కు పెట్టాను. తక్‌పట్టీ దొరికినదాన్ని దొరికినట్టు గుమాస్తా గీతతో కొడుతున్నాడు, టిక్కు తీస్తున్నాడు. తక్‌పట్టీ లేనివాటికి టిక్కు అలాగే ఉంటుంది. సాయంత్రం రిపోర్టులో అవి విడిగా, మొత్తంలో కలపకుండా కింద వస్తాయి.